రొమ్ములో గట్టి గడ్డ: ముక్క పరీక్షకు ముందు అడగాల్సినవి

నిర్వాహకురాలు: లైన్లో పలమనేరు నుంచి ఒక శ్రోత ఉన్నారు. చెప్పండమ్మా, డాక్టరుగారు వింటున్నారు.

శ్రోత: నమస్కారం మేడం. మా చెల్లెలికి 32 ఏండ్లు. బిడ్డకు పాలు మాన్పించి ఏడాదిన్నర అయింది. ఎడమ రొమ్ములో గడ్డ, రాయి మాదిరి ఉండాది. చనుమొన లోపలికి పోయింది. స్కానింగులో బైరాడ్స్ 4 అని రాసినారు. ఇంట్లో అందరూ క్యాన్సరే అంటా ఉండారు. రొమ్ము తీసేస్తారా మేడం?

డాక్టర్: బైరాడ్స్ అంటే స్కానింగులో క్యాన్సర్ అనుమానం ఎంతో చెప్పే అంకె. 4 అంటే క్యాన్సర్ అని కాదమ్మా, ముక్క తీసి చూడాల్సిందే అని. నొప్పి ఉందా? చీము పట్టిందా?

శ్రోత: నొప్పి ఉండాది. ఒకసారి కోసి చీము తీసినారు, మళ్ళా పక్కనే లేచింది. సన్న సూదితో గుచ్చి చూసి గ్రాన్యులోమా అన్నారు.

డాక్టర్: గ్రాన్యులోమా అంటే వాపు కణాలు గుంపుకట్టిన చిన్న ముద్ద. అయితే ఇది గ్రాన్యులోమాటస్ మాస్టైటిస్ కావచ్చు. అరుదైన వాపు జబ్బు, క్యాన్సర్ కాదు. కాన్పయిన కొన్నేళ్ళలోపు ఎక్కువగా కనబడుతుంది. పాలగ్రంథుల చుట్టూ వాపు చేరి కండ గట్టిపడి చనుమొనను లాగేస్తుంది, చంకలో బిళ్ళలు కడతాయి. చేతికైనా స్కానింగుకైనా క్యాన్సర్ లాగే ఉంటుంది. ఫోన్లో విని తేల్చేది కాదు, సన్న సూది పరీక్షతోనూ సరిపెట్టుకోకూడదు. కోర్ బయాప్సీ చేయించండి. తిమ్మిరి ఇంజెక్షన్ ఇచ్చి, స్కానింగులో చూస్తూ 14 గేజి సూదితో నాలుగైదు ముక్కలు తీస్తారు. అదే రోజు ఇంటికి వచ్చేయొచ్చు.

ఒక్క సంగతి ముందే అడగండి. ముక్కలన్నీ ఫార్మాలిన్‌లో, అంటే ముక్క కుళ్ళకుండా ఉంచే మందునీళ్ళలో, వేసేస్తే అందులో క్రిములు చచ్చిపోతాయి, ఇక టీబీ కల్చర్, అంటే క్రిమిని పెంచి చూసే పరీక్ష, చేయలేరు. మైక్రోస్కోపు కింద టీబీ కూడా ఇలాగే కనబడుతుంది కదా! ఒక ముక్క, చీముంటే కాస్త చీము, సెలైన్ పోసిన డబ్బాలో వేరుగా జీన్ ఎక్స్‌పర్ట్ అనే టీబీ పరీక్షకూ కల్చర్‌కూ పంపాలి.

శ్రోత: స్టెరాయిడ్ మాత్రలు ఇస్తామన్నారే?

డాక్టర్: టీబీ లేదని తేలాకే. టీబీ ఉండగా వేస్తే అది ముదురుతుంది. షుగర్, బీపీ చూసి మొదలుపెడతారు. తగ్గింది కదా అని ఉన్నట్టుండి మానేయకూడదు, డోసు మెల్లగా దించాలి. కొందరికి మందు లేకుండానే తగ్గుతుంది, నెలలు పడుతుందంతే. గడ్డ కోసేయమని మాత్రం తొందరపెట్టొద్దు. కోసిన చోట పుండు మానక కారుతూ ఉంటుంది, మళ్ళీ రావచ్చు కూడా.

శ్రోత: వేలూరు పెద్దాసుపత్రికి పోవాల్నా మేడం?

డాక్టర్: తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలోనే చూపించుకోవచ్చు. ఎక్కడికెళ్ళినా ఒట్టి రిపోర్టు కాగితంతో వెళ్ళొద్దు, ముక్క పరీక్షకు చేసిన గాజు స్లైడ్లు, ముక్కను దాచిన మైనం బ్లాకులు అడిగి పట్టుకెళ్ళండి. అక్కడి పెథాలజిస్టు వాటినే చూస్తారు, మళ్ళీ గుచ్చే పని తప్పొచ్చు. అయితే ముక్కలో క్యాన్సర్ లేదని వచ్చినా స్కానింగుకూ దానికీ పొంతన కుదరకపోతే ఇంకోసారి తీయించాల్సిందే.