కిలో హైడ్రోజన్ జమాఖర్చు

అందరికీ నమస్కారం.

హైడ్రోజన్ మండితే నీళ్లే మిగులుతాయని బడిలోనే చదువుకున్నారు. ఫ్యూయల్ సెల్‌లో, అంటే హైడ్రోజన్‌ను మండించకుండా ఆక్సిజన్‌తో కలిపి కరెంటు పుట్టించే పరికరంలో వాడితే అంతే. ఇంజిన్‌లో మండిస్తే మాత్రం ఆ వేడికి గాలిలోని నైట్రోజన్ కూడా ఆక్సిజన్‌తో కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లు పుడతాయి. సరే, ఒక్క కిలో హైడ్రోజన్ తీసుకుని జమాఖర్చు రాద్దాం.

ముందు జమ. ఆ కిలోలో, కరెంటు లెక్కలో చెప్పాలంటే, దాదాపు 33 యూనిట్ల (కిలోవాట్ అవర్ల) శక్తి ఉంది. కిలో పెట్రోలులో ఉండేది 12. శ్రీహరికోట నుంచి ఎగిరే ఎల్‌వీఎం3 రాకెట్ పై దశలో ద్రవ హైడ్రోజన్ నింపేది అందుకే. అక్కడ బరువు కన్నా ఖరీదైనది లేదు.

ఇక ఖర్చు. నీటిని విడగొట్టి కిలో తీయడానికి ఎలక్ట్రోలైజర్ 52 యూనిట్ల దాకా కరెంటు తాగుతుంది. దాన్ని 700 బార్‌కు, అంటే మామూలు గాలి పీడనానికి దాదాపు 700 రెట్లకు నొక్కి, చల్లబరచడానికి ఇంకో ఐదారు. మొత్తం 58 అనుకోండి. కారులోని ఫ్యూయల్ సెల్ తిరిగి ఇచ్చేది 17, 18 యూనిట్లే. దాంతో కారు వంద కిలోమీటర్లు పోతుంది. అదే 58 యూనిట్లను బ్యాటరీ కారుకు ఎక్కిస్తే, దారిలో పోయేది పోగా, మూడు వందలు దాటుతుంది. ఊళ్లో తిరిగే కార్లకు, స్కూటర్లకు హైడ్రోజన్ దండగ అని నేననేది ఈ లెక్క చూసే.

నీళ్లు బోలెడు కావాలి కదా అంటారు. విడగొట్టడానికి కిలోకు 9 లీటర్లు. శుద్ధికి, కూలింగ్‌కు కలిపితే రెట్టింపు దాటుతుంది. సముద్రపు నీటిని నేరుగా పోస్తే ఆనోడ్ (ప్లస్ ధ్రువం) దగ్గర క్లోరిన్ పుడుతుంది కాబట్టి ఉప్పు తీసేయాలి. ఆ ఉప్పు తీసే కరెంటు 52 యూనిట్ల ముందు ఓ లెక్కలోది కాదు.

అసలు చిక్కు ఆ 52 యూనిట్లు ఎక్కడివన్నదే. మన గ్రిడ్ కరెంటు యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. దాంతో తీసిన కిలో హైడ్రోజన్ వెనక 36 కిలోలు ఉంటాయి. సహజవాయువు నుంచి తీసే పాత పద్ధతిలో వచ్చేదే 9, 10 కిలోలు! 'గ్రీన్' అనిపించుకోవడానికి 2023లో కేంద్రం పెట్టిన హద్దు 2 కిలోలు.

ఇప్పుడు నింపడం చూద్దాం. మామూలు పీడనంలో ఈ కిలో 12 ఘనపు మీటర్లు ఆక్రమిస్తుంది, అంటే ఓ చిన్న గది. 700 బార్‌కు నొక్కినా లీటరుకు 40 గ్రాములే. ఐదు కిలోల గ్యాస్ మోయాలంటే కార్బన్ ఫైబర్ ట్యాంకులే 85 కిలోలు దాటతాయి. వేగంగా నింపితే ట్యాంకు వేడెక్కుతుంది, 85 డిగ్రీలు మించకూడదు. అందుకని గ్యాస్‌ను మైనస్ 40కి చల్లబరచి పంపుతారు. ఆ చలికి నాజిల్ మీద తేమ గడ్డకట్టి, ఒక్కోసారి నాజిల్ కారుకే అతుక్కుపోతుంది.

లీకు సంగతి జాగ్రత్తగా వినండి. ఎల్పీజీ నేలబారున పాకుతుంది, హైడ్రోజన్ పైకప్పుకు ఎగబాకుతుంది. డిటెక్టర్‌ను కింద పెడితే ఉపయోగం లేదు. కప్పులో ఎత్తయిన చోట వెంటిలేటర్ ఉండాలి. గాలిలో 4 నుంచి 75 శాతం దాకా ఎంత కలిసినా అంటుకుంటుంది. పగటి వెలుగులో మంట కనబడదు. పూర్వం రాకెట్ కేంద్రాల్లో పనివాళ్లు చీపురుకట్ట ముందుకు చాచి నడిచేవారు. చీపురు అంటుకుంటే అక్కడ మంట ఉన్నట్టు. ఎల్పీజీలో కలిపే గంధకపు వాసన దీనికి కలపలేం, ఫ్యూయల్ సెల్‌లోని ప్లాటినం పాడైపోతుంది. హైడ్రోజన్ గట్టి ఉక్కులోకి దూరి దాన్ని పెళుసు చేస్తుంది కూడా, అందుకే పైపులకు 316ఎల్ రకం స్టెయిన్‌లెస్ స్టీలు వాడతారు. 2019 జూన్‌లో నార్వేలోని సాండ్‌వికాలో ఫిల్లింగ్ స్టేషన్ పేలింది. హైప్రెషర్ ట్యాంకు ప్లగ్ బోల్టులు సరిగా బిగించకపోవడం వల్ల గ్యాస్ లీకయిందని దర్యాప్తులో తేలింది.

మరి ఎక్కడ వాడాలి? ఎరువుల్లో. యూరియా వంటి ఎరువులకు మూలమైన అమ్మోనియా టన్నుకు 177 కిలోల హైడ్రోజన్ కావాలి, ఇవాళ అది ఎక్కువగా సహజవాయువు నుంచే వస్తోంది. అక్కడ కరెంటు తీగ లాగితే పని జరగదు, హైడ్రోజనే కావాలి. రిఫైనరీలదీ అదే సంగతి. 2025 జనవరిలో శంకుస్థాపన జరిగిన, విశాఖ దగ్గరి పూడిమడక గ్రీన్ హైడ్రోజన్ హబ్ లక్ష్యం రోజుకు 1,500 టన్నులు. అందులో ఎక్కువ భాగం అమ్మోనియా వంటి వాటిగా మారితేనే మేలు; అమ్మోనియా మైనస్ 33 డిగ్రీలకే ద్రవమవుతుంది, హైడ్రోజన్‌కు మైనస్ 253 కావాలి. ఓడకెక్కించేవాడికి ఆ తేడా చాలు.

రేపు మీరెవరైనా ఇలాంటి ప్లాంటు చూడటానికి వెళ్తే ఎన్ని మెగావాట్లని అడగకండి, ఏడాదికి ఎన్ని గంటలు నడుస్తుందని అడగండి. ఏడాదికి 8,760 గంటలు. ఒట్టి సోలార్ మీద ఆధారపడితే పూర్తి సామర్థ్యంతో నడిచేది 2,000 గంటల ప్రాంతమే. మిగతా సమయమంతా మెషిను ఖాళీగా ఉన్నా దాని మీది వడ్డీ ఆగదు.

ఇక మీ ప్రశ్నలు అడగండి.