కువైట్ నుంచి ఇంటికి బయల్దేరే ముందు: శ్రోతలతో ఫోన్-ఇన్

నిర్వాహకురాలు: శ్రోతలకు నమస్కారం. గల్ఫ్ దేశాల్లో పనిచేసి స్వస్థలాలకు తిరిగి వస్తున్నవారి సందేహాలకు మన సలహాదారు సమాధానాలు ఇస్తున్నారు. కువైట్‌లోని జహ్రా నుంచి ఒక సోదరి లైన్‌లో ఉన్నారు. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారం మేడమ్. మాది రాయచోటి దగ్గర పల్లె. నేనూ మా ఆయనా ఇక్కడ ఒకే ఇంట్లో పనిచేస్తున్నాం. ఆయన డ్రైవరు, నేను వంట చేస్తూ పాపను చూసుకుంటాను. వచ్చే నెలతో మా రెండేళ్ల అగ్రిమెంటు పూర్తవుతుంది, ఇక ఊరికి వచ్చేసి పొలం చూసుకుందామని ఇద్దరం నిర్ణయించుకున్నాం. ఏడాది నిండినప్పటి నుంచి నా చేతుల్లోనే పెరిగిన ఆ పాపకు ఇప్పుడు మూడేళ్లు. పాప నిద్రపోతున్నప్పుడు చెప్పకుండా వెళ్లిపొమ్మని మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, అంటున్నారు. అలా వెళ్లడానికి నాకు మనసు రావడం లేదు.

సలహాదారు: మీ మనసు చెబుతున్నదే సరైనది, అమ్మా. నిద్ర లేచేసరికి మనిషి కనిపించకపోతే ఆ వయసు పిల్లలు రోజుల తరబడి గదులన్నీ వెతుక్కుంటారు, మళ్లీ ఎవరి దగ్గరికి వెళ్లాలన్నా భయపడతారు. అయితే అది వాళ్ల బిడ్డ, కాబట్టి ముందుగా మామాతో మాట్లాడండి, పాప ఏడుస్తుందన్న భయంతోనే ఆమె ఆ మాట అని ఉంటారు. ఆమె ఒప్పుకుంటే ప్రయాణానికి నాలుగైదు రోజుల ముందు, తల్లి పక్కన ఉండగానే, మీరు విమానం ఎక్కి మీ ఇంటికి, మీ బాబు దగ్గరికి వెళ్తున్నారని పాపకు అర్థమయ్యే చిన్న మాటల్లో చెప్పండి. రేపు వస్తాననో, బొమ్మ తెస్తాననో మాత్రం చెప్పకండి. మీ స్థానంలో వచ్చే ఆమె మీరు ఉండగానే చేరితే స్నానం, అన్నం, నిద్రపుచ్చడం ఒక్కొక్కటిగా ఆమె చేతికి అప్పగించండి. వెళ్లాక వీడియో కాల్ ఎప్పుడు, ఎంతసేపు అన్నది తల్లి ఇష్టానికే వదిలేయండి, ఎందుకంటే మొదటి రోజుల్లో మీరు పదే పదే కనిపిస్తే కొత్త మనిషికి పాప అలవాటు కావడం ఆలస్యమవుతుంది. ఇంతకీ మీ బాబు ఎవరి దగ్గర ఉన్నాడు?

శ్రోత: మా అత్తమ్మ దగ్గర మేడమ్. వాడికి ఆరేళ్లు. ఫోన్‌లో నాతో రెండు మాటలు మాట్లాడి పరుగెత్తిపోతాడు, అత్తమ్మనే అమ్మా అని పిలుస్తాడు. వచ్చిన వెంటనే వాడిని తీసుకుని కడపలో వేరుగా ఇల్లు చూసుకుని, మంచి బడిలో చేర్పించాలని మా ఆలోచన.

సలహాదారు: ఇక్కడ కొంచెం గట్టిగా చెబుతున్నాను, ఏమీ అనుకోకండి. మీరు దూరమైతే జహ్రాలో ఆ పాప ఏం కోల్పోతుందో మీకు తెలుసు, అత్తమ్మ దూరమైతే మీ బాబు కోల్పోయేది కూడా అదే. ఈ రెండేళ్లు వాడికి జ్వరం వస్తే రాత్రంతా మేల్కొన్నది ఆమె, బడికి పంపింది ఆమె. మీరు దిగిన వారంలోనే వాడిని ఆమె నుంచి విడదీస్తే ఇద్దరూ కుంగిపోతారు, ఆ కోపం వాడు మీ మీదే చూపిస్తాడు. కనీసం ఈ విద్యా సంవత్సరం ముగిసే వరకు అందరూ ఒకే ఇంట్లో ఉండండి. వాడు అత్తమ్మను అమ్మా అని పిలిస్తే సరిదిద్దకండి. అన్నం ఆమె పెట్టనివ్వండి, మీరు పక్కన కూర్చోండి. ఆ పల్లెలో ఉండలేని కారణం ఏదైనా ఉంటే అత్తమ్మను కూడా కడపకు తీసుకువెళ్లే వీలుందేమో చూడండి.

శ్రోత: ఆమెను అడగాలన్న ఆలోచనే మాకు రాలేదు మేడమ్. అడుగుతాం. మా ఆయన మాట్లాడతారట.

శ్రోత భర్త: నమస్కారం మేడమ్. మేము అఖామా, అంటే ఇక్కడ ఉండే పర్మిట్, క్యాన్సిల్ చేసుకుని వెళ్తామంటే, మా కఫీల్, అంటే మమ్మల్ని పనిలో పెట్టుకున్న యజమాని, లీవు మీద వెళ్లిరమ్మంటున్నారు. మనసు మారితే తిరిగి రావచ్చని, లెక్క అంతా అప్పుడు చూసుకుందామని అంటున్నారు. మంచి మనిషే, కాదనడానికి మొహమాటంగా ఉంది.

సలహాదారు: మంచి మనిషితో లెక్క తేల్చుకోవడం ఇంకా సులువు కదా, బాబూ. లీవు మీద వెళితే మీ పని ముగిసినట్టు కాగితం మీద ఉండదు. పైగా ఇంటి పని అఖామా ఉన్నవారు కఫీల్ అనుమతి తీసుకోకుండా నాలుగు నెలలకు మించి కువైట్ బయట ఉంటే ఆ అఖామా రద్దయ్యే నిబంధన ఉంది. అప్పుడు పల్లెలో కూర్చుని లెక్క అడగడం ఎంత కష్టమో ఊహించుకోండి. తిరిగి వచ్చే ఆలోచన లేనప్పుడు రద్దు చేయించుకునే రండి. 2015లో వచ్చిన గృహ కార్మికుల చట్టం, అంటే 68వ నంబరు చట్టం ప్రకారం, ఒప్పందం పూర్తి చేసినవారికి ఏడాదికి ఒక నెల జీతం చొప్పున సర్వీసు ముగింపు సొమ్ము రావాలి. మీ జీతం నెలకు 120 దినార్లు అనుకుంటే రెండేళ్లకు 240 దినార్లు, మీ భార్యకు ఆమె జీతం ప్రకారం వేరే లెక్క. వాడుకోని సెలవుల డబ్బు, తిరుగు టికెట్ సంగతి కూడా ఒప్పందం దగ్గర పెట్టుకుని కూర్చుని మాట్లాడండి. డబ్బు చేతికి అందకముందే, అంతా ముట్టిందని అరబ్బీలో రాసిన కాగితం మీద సంతకం చేయకండి. మాట తేడా వస్తే గృహ కార్మికుల విభాగంలో గానీ, భారత రాయబార కార్యాలయంలో గానీ ఫిర్యాదు చేసే దారి మీరు అక్కడ ఉన్నంత కాలమే తేలికగా ఉంటుంది.

శ్రోత భర్త: ఇంకేమైనా చూసుకోవాలా మేడమ్?

సలహాదారు: డ్రైవరు కాబట్టి ట్రాఫిక్ జరిమానాలు ముందు చూసుకోండి. 2023 నుంచి విదేశీయులు బాకీలు కడితేనే దేశం దాటనిస్తున్నారు. కువైట్ ప్రభుత్వ సహెల్ యాప్‌లో మీ సివిల్ ఐడీతో, అంటే అక్కడి గుర్తింపు కార్డుతో, చూసుకుని, ఫోన్ బిల్లులు కూడా కట్టేశాకే టికెట్ తేదీ ఖాయం చేయండి. కువైట్ సిటీలో మనవాళ్లు కలుసుకునే మాలియాలో చీటీలు వేసి ఉంటే వాటి లెక్క కూడా తేల్చుకోండి. ఊరి బ్యాంకులో ఎన్‌ఆర్‌ఈ ఖాతా, అంటే విదేశాల్లో ఉండేవారి ఖాతా, ఉంటే, వచ్చాక చెప్పి మామూలు ఖాతాగా మార్పించుకోవాలి.

శ్రోత భర్త: శుక్రవారం మాలియాలో స్నేహితులందరికీ భోజనం పెట్టి వద్దామనుకుంటున్నాం. ఇద్దరు ముగ్గురు వాళ్ల ఇళ్లకు బంగారం ఇచ్చి పంపుతామంటున్నారు.

సలహాదారు: భోజనం తప్పకుండా పెట్టండి, కష్టంలో మీకు తోడు నిలిచినవాళ్లు వాళ్లే. బంగారం మాత్రం తీసుకోకండి. ఏడాదికి మించి విదేశంలో ఉండి వచ్చే మగవారికి 20 గ్రాములు, ఆడవారికి 40 గ్రాముల నగల వరకే సుంకం మినహాయింపు ఉంది, అది కూడా సొంత సామానుకే, బిస్కెట్లకూ నాణేలకూ వర్తించదు. మీరు కొనే నగలకు రసీదు దగ్గర ఉంచుకోండి. ఎవరైనా మందులు గానీ, మూట కట్టిన డబ్బాలు గానీ ఇస్తే, మీ కళ్లముందు విప్పి చూపించమని అడగండి. చూపించకపోతే తేకండి. బాధ్యత మీ పేరు మీదే ఉంటుంది, అడగడానికి మొహమాటపడకండి.