32 కేబీలో గ్రహం ఎలా పట్టింది? ఎగ్జైల్ ఆట, 15 చుక్కల ముగ్గు

[తెర మీద: గుహలో జెట్‌ప్యాక్‌తో ఎగురుతున్న చిన్న మనిషి]

నమస్తే అండి. మీరు చూస్తున్నది ఎగ్జైల్. 1988లో బీబీసీ మైక్రో అనే బ్రిటిష్ కంప్యూటర్ మీద వచ్చిన ఆట. దీని గురించి ఎవరికి చెప్పినా ఒకటే మాట అంటారు: "మ్యాప్ రాండమ్‌గా పుడుతుందా? అయితే ఆడిన ప్రతిసారీ గ్రహం మారిపోతుందన్నమాట!"

మారదు. ఒక్క గడి కూడా మారదు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఈ ఆటలోని అసలు తెలివి అంతా అక్కడే ఉంది మరి.

కథ రెండు ముక్కల్లో చెప్పేస్తాను. మన మనిషి పేరు మైక్ ఫిన్. ఫీబస్ అనే గ్రహం మీద ఆపదలో చిక్కుకున్నవాళ్లను కాపాడటానికి వస్తాడు. అక్కడ ట్రయాక్స్ అనే బహిష్కృతుడు ఉన్నాడు. ఆట మొదలైన కాసేపటికే వాడు ఫిన్ ఓడలోకి వచ్చి డెస్టినేటర్ అనే ముఖ్యమైన పరికరం ఎత్తుకుపోతాడు. అది లేకపోతే ఓడ కదలదు. ఇక దిగి గుహలు వెతకాల్సిందే.

ఆ గుహలు ఎంత పెద్దవో చూడండి.

[తెర మీద: పూర్తి మ్యాప్. మెల్లగా దూరం జరగాలి]

అడ్డంగా 256 గళ్లు, నిలువుగా 256 గళ్లు. మొత్తం 65,536. గడికి ఒక్క బైటు చొప్పున రాసిపెట్టుకున్నా 64 కేబీ కావాలి. బీబీసీ మైక్రో మోడల్ బీలో ఉన్న మెమరీ మొత్తం 32 కేబీ. రంగులు ఎక్కువగా ఉండే మోడ్ 2లో పూర్తి తెరకే 20 కేబీ పోతుంది. అందుకే ఈ ఆటలో తెరను చిన్నది చేశారు. అయినా ప్రోగ్రాము, బొమ్మలు, శబ్దాలు, జంతువులు అన్నీ మిగిలిన చోటులోనే సర్దుకోవాలి. మరి గ్రహం ఎక్కడ పెట్టారు?

ఇక్కడ మా అమ్మమ్మ ముగ్గు గుర్తుకొస్తుంది నాకు. పండగ ముందు పక్కింటావిడ గోడ అవతలి నుంచి అడిగేది, "పిన్నిగారూ, ఆ ముగ్గు ఎలా?" అని. అమ్మమ్మ కాగితం మీద గీసి ఇచ్చేది కాదు. "15 చుక్కలు, సందు చుక్క, 8 వరకు" అనేది. అంతే. ఆ ఒక్క ముక్కలో మొత్తం 169 చుక్కలు ఉన్నాయి. మధ్యలో 15, అటూ ఇటూ ఒక్కోటి తగ్గుతూ 8 దాకా. కావాలంటే లెక్కపెట్టుకోండి.

ఎగ్జైల్ రాసిన పీటర్ ఇర్విన్, జెరెమీ స్మిత్ చేసింది సరిగ్గా ఇదే. ముగ్గు దాచలేదు, ముగ్గు చెప్పే మాట దాచారు.

ఉదాహరణకు నేనే ఒక చిన్న సూత్రం కల్పిస్తాను. అడ్డం నంబరును మూడుతో గుణించి, నిలువు నంబరు కలిపి, అయిదుతో భాగించండి. శేషం 0 గానీ 1 గానీ వస్తే అక్కడ రాయి. లేకపోతే ఖాళీ. అడ్డం 7, నిలువు 4 తీసుకుందాం. 21కి 4 కలిపితే 25, శేషం 0, రాయి. పక్క గడి, అడ్డం 8: 24కి 4 కలిపితే 28, శేషం 3, ఖాళీ. రేపు చేసినా ఇదే జవాబు. పదేళ్ల తర్వాత చేసినా ఇదే. 15 చుక్కలు, సందు చుక్క, 8 వరకు అంటే ఏ ఇంటి ముందు వేసినా అవే చుక్కలు కదా!

ఇంకో సంగతి కూడా చూడండి. రెండు వందలవ గడి ఏమిటో తెలుసుకోవడానికి ముందున్నవి గీసుకుంటూ రానక్కర్లేదు. నంబరు ఇస్తే జవాబు వచ్చేస్తుంది. మైక్ ఫిన్ ఎటు ఎగిరితే అటు నాలుగు గళ్లు లెక్కకట్టి చూపించడం, వెనకవి మర్చిపోవడం. మళ్లీ వెనక్కి వస్తే మళ్లీ లెక్క.

అసలు ఆటలో సూత్రం ఇంత చిన్నది కాదు. బీబీసీ మైక్రోలో ఉన్న 6502 ప్రాసెసర్‌కి గుణకారం రాదు, కాబట్టి బిట్లు (0, 1 అంకెలు) జరపడం, కలపడం, ఎక్స్‌ఆర్ చేయడం (రెండు బిట్లు వేరైతే 1, ఒకటే అయితే 0), వీటితోనే అడ్డం నిలువు నంబర్లను కలగాపులగం చేస్తారు. అందుకే చూడటానికి రాండమ్‌గా ఉంటుంది. వాలు సొరంగాలు, లోతుకు దిగే బావులు, పెద్ద గదులు అలా పుడతాయి. కథకు ముఖ్యమైన కొన్ని చోట్లు మాత్రం చేత్తో పెట్టారు. ముగ్గు పూర్తయ్యాక మధ్యలో గొబ్బెమ్మ పెట్టి, పువ్వు గుచ్చినట్టు. ఆ గొబ్బెమ్మకు మాత్రం మెమరీ ఖర్చవుతుంది.

ఫిజిక్స్ కూడా ఇదే దారి. జెరెమీ స్మిత్ 1986లోనే థ్రస్ట్ అనే ఆట రాశాడు, అందులో ఓడ కింద బరువు వేలాడుతూ ఊగుతుంటుంది. ఎగ్జైల్‌లో ఆ లెక్క అన్నిటికీ వర్తిస్తుంది. ప్రతి వస్తువుకూ బరువుంది, వేగం ఉంది. గ్రెనేడ్ పేలితే దగ్గరున్న రాయినీ, పక్షినీ, మిమ్మల్నీ అదే సూత్రం నెడుతుంది. బరువైనది తక్కువ కదులుతుంది, తేలికది ఎగిరిపోతుంది. గాలి వీచే చోటా అంతే, నీళ్లలోనూ అంతే. 1988లో, 2 మెగాహెర్ట్జ్ మెషీన్ మీద! ఆటల్లో ఫిజిక్స్ ఈ మధ్య వచ్చిందని అనేవాళ్లకు నేను ముందు చూపించేది ఈ గ్రెనేడే.

[తెర మీద: గ్రెనేడ్ పేలుడు, నిదానంగా]

టైం అయిపోతోంది, మిగతావి గబగబా చెప్తాను. ఇందులో చావు లేదు. శక్తి బాగా తగ్గితే, మీరు ముందే గుర్తు పెట్టుకున్న చోటికి టెలిపోర్ట్ అయిపోతారు. అలాంటి చోట్లు నాలుగు దాచుకోవచ్చు. చోటు అంటే నంబర్లే కాబట్టి దాచడం చవక. జంతువులూ అంతే, దగ్గరున్నవే నిజంగా కదులుతాయి, దూరమైతే క్లుప్తంగా రాసిపెట్టి పక్కన ఉంచుతారు. సైడ్‌వేస్ ర్యామ్ అనే అదనపు మెమరీ ఉన్నవాళ్లకు పెద్ద తెర, మాట్లాడే గొంతు కూడా దొరికేవి. తర్వాత కమొడోర్ 64, అమిగా, అటారీ ఎస్‌టీ కంప్యూటర్లకూ వచ్చింది.

అన్నట్టు, బడుల్లో కంప్యూటర్ నేర్పడానికి 1984లో మన దేశంలో మొదలైన క్లాస్ ప్రాజెక్టు కింద బడులకు ఇచ్చింది బీబీసీ మైక్రోలే. మీ బడిలో ఉండేదా? ఉంటే తప్పకుండా రాయండి.

ఎమ్యులేటర్‌లో, అంటే పాత కంప్యూటర్‌లా పనిచేసే ప్రోగ్రాములో, ఆడబోతున్నారా? మొదటి అరగంట దేన్నీ కాల్చకండి. ఒక రాయి ఎత్తుకుని ఎగరండి. తర్వాత అది వదిలేసి ఎగరండి. తేడా వేళ్లకే తెలుస్తుంది.