సీఎన్‌సీ లేత్‌ని ఆఫీసు కంప్యూటర్‌కి కలపడం: కేబుల్ నుంచి పింగ్ దాకా

నమస్తే. ఇవాళ బాలానగర్‌లో ఒక చిన్న జాబ్ వర్క్ షాపులో ఉన్నాం. వెనకాల వినిపించే మోత పక్క షెడ్డులో పవర్ ప్రెస్‌ది. దాన్ని ఆపమనలేం, కాస్త సర్దుకోండి.

ఇదిగో, ఫానుక్ 0ఐ కంట్రోలర్ ఉన్న లేత్. కంట్రోలర్ అంటే ప్రోగ్రాం చదివి మెషిన్‌ని నడిపే కంప్యూటర్. ఇన్నాళ్లూ ఇక్కడి ఆపరేటర్ మెమరీ కార్డు జేబులో వేసుకుని, మెట్లెక్కి ఆఫీసుకి పోయి, ప్రోగ్రాం ఎక్కించుకుని వచ్చేవాడు. రోజుకి ఎనిమిది, పదిసార్లు. ఆ తిరుగుడు ఇవాళ్టితో మాన్పిద్దాం.

సైకిల్ నడుస్తుంటే మెషిన్‌ని ముట్టుకోవద్దు. జాబ్ అయ్యాక పారామీటర్లు, ప్రోగ్రాంలు అన్నీ కార్డులోకి బ్యాకప్ తీసి, అప్పుడు మెయిన్ స్విచ్ ఆపి ప్యానెల్ తెరవండి. మన మెషిన్‌లో స్క్రీన్ వెనక, బోర్డు మీద సీడీ38ఏ అని రాసి ఉన్న సాకెట్ కనిపిస్తోందా? కంప్యూటర్ నెట్‌వర్క్ కేబుల్ పట్టే మామూలు సాకెట్టే. కొన్ని మెషిన్లకి దీన్ని ప్యానెల్ పక్కకి ముందే లాగి పెడతారు. అలా ఉంటే మీ పని సులువు.

కేబుల్ దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లోనో, కోఠి గుజరాతీ గల్లీలోనో షీల్డ్ ఉన్న క్యాట్ 6 నెట్‌వర్క్ కేబుల్ అడిగి తెచ్చుకోండి. ఒక్క లాగుడు 100 మీటర్లు దాటకూడదు. స్పిండిల్ మోటార్ కేబుల్‌ని ఆనుకుని ఒకే డక్ట్‌లో వేయొద్దు. ఆ డ్రైవ్ నుంచి వచ్చే నాయిస్‌కి ఫైలు సగంలో తెగిపోతుంది. తప్పక దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి, పొడుగునా కలిపి కట్టొద్దు.

ఇక ఐపీ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో ఒక్కో పరికరానికి ఇచ్చే నంబర్. జీడిమెట్లలో ఒక షాపులో నేను ముందూ వెనకా చూడకుండా మెషిన్‌కి 192.168.1.20 ఇచ్చేశాను. ఆ సాయంత్రం బ్రహ్మాండంగా నడిచింది. మర్నాడు పొద్దున కనెక్షన్ లేదు. కేబుల్ మార్చాను, నెట్‌వర్క్ స్విచ్ మార్చాను, రెండు రోజులు టెన్షన్. చివరికి విసుగొచ్చి మెషిన్ కేబుల్ పీకేసి పింగ్ కొట్టాను. పింగ్ అంటే పీసీ కమాండ్ ప్రాంప్ట్‌లో ఒక నంబర్‌ని పిలిచి, పలుకుతోందా అని చూడటం. పీకేశాక కూడా 20 నంబర్ నుంచి జవాబు వస్తోంది! సంగతేంటంటే, ఓనర్ గారు పొద్దున్నే మెషిన్ ఆన్ కాకముందే వస్తారు. వైఫై రూటర్ అదే నంబర్ ఆయన ఫోన్‌కి ఇచ్చేసేది.

కాబట్టి ఇలా చేద్దాం. రూటర్ సెట్టింగ్స్‌లో డీహెచ్‌సీపీ రేంజ్, అంటే రూటర్ తనంతట తాను పంచే నంబర్లు, చూడండి. ఇక్కడ 100 నుంచి 200 దాకా ఉంది. మనం ఆ రేంజ్ బయట నుంచి 50 తీసుకుందాం. మెషిన్ ఇంకా కలపలేదు కదా, ఇప్పుడే ఆఫీసు పీసీ నుంచి పింగ్ 192.168.1.50 కొడదాం. జవాబు రాలేదు. ఆ నంబర్ ఎవరూ వాడుతున్నట్టు లేదు.

కేబుల్ పెట్టి, ప్యానెల్ మూసి, మెషిన్ ఆన్ చేశాను. మోడ్ ఎండీఐలో, అంటే చేత్తో టైప్ చేసే మోడ్‌లో పెట్టండి. సిస్టమ్ కీ నొక్కి, కింద కుడి చివరి బాణం కీ నొక్కుతూ పోతే ఎంబెడ్ పోర్ట్ వస్తుంది. అందులో కామన్ పేజీ. ఐపీ అడ్రస్ 192.168.1.50, సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0. రూటర్ ఐపీ గడి ఖాళీగా వదిలేయండి, మెషిన్‌కి ఇంటర్నెట్‌తో పని లేదు. ఇదే పేజీలో మ్యాక్ అడ్రస్, అంటే ఈ మెషిన్ నెట్‌వర్క్ పోర్టుకి ఫ్యాక్టరీలో ఇచ్చిన సొంత నంబర్, కూడా ఉంది, ఫోటో తీసుకోండి. తర్వాత ఫోకాస్2 పేజీ, పీసీ సాఫ్ట్‌వేర్ మెషిన్‌తో మాట్లాడేది దీని ద్వారానే. అందులో టీసీపీ పోర్ట్, అంటే ఆ సాఫ్ట్‌వేర్ తలుపు నంబర్, 8193. అంతే. ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేద్దాం.

మళ్ళీ పీసీ దగ్గరికి. పింగ్... వచ్చింది, నాలుగుకి నాలుగు. అయినా నమ్మేయకండి. అక్కడే ఏఆర్‌పీ, స్పేస్, మైనస్ ఏ (arp -a) అని కొడితే 50 ఎదురుగా మ్యాక్ అడ్రస్ చూపిస్తుంది. ఫోటోలో ఉన్నదీ ఇదీ ఒకటేనా? ఒకటే. మాట్లాడుతున్నది మన లేతే.

మీకు డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్ అని, అదీ మీ పీసీ సొంత నంబర్ నుంచే వస్తే, మెషిన్ అసలు పలకట్లేదని. కేబుల్ లైటు, టైప్ చేసిన అంకెలు చూసుకోండి. పింగ్ వచ్చి సాఫ్ట్‌వేర్ మాత్రం కలవకపోతే పోర్ట్ నంబర్, పీసీలో ఫైర్‌వాల్ చూడండి.

ఇంకో మాట. ఇంటి నుంచి ఫోన్‌లో చూసుకోవాలని ఓనర్లు అడుగుతారు, రూటర్‌లో 8193 బయటికి తెరవమంటారు. నేనైతే చేయను. ఈ పోర్ట్ మామూలుగా పాస్‌వర్డ్ కూడా అడగదు, వచ్చినవాడు ప్రోగ్రాం మార్చేసి పోవచ్చు.

సరే, ట్రాన్స్‌ఫర్ టూల్‌లో ఐపీ, పోర్ట్ ఇచ్చి ఒక చిన్న ప్రోగ్రాం పంపుతున్నాను. అన్నా, లిస్టులో వచ్చిందా చూడు... వచ్చిందంట. మొదటిసారి సింగిల్ బ్లాక్‌లో, అంటే ఒక్కో లైనుకీ ఆగేలా, ఫీడ్ తగ్గించి నడుపు. నేనీలోగా ప్యానెల్ తలుపు లోపల మార్కర్‌తో 192.168.1.50 అని రాసేస్తాను.