మా ఐస్ హాకీ టీమ్ అవార్డులు: నాలుగు షీల్డులు, ఒక పెద్ద తగువు

అందరికీ నమస్కారం. అనంతపురం నుంచి మాట్లాడుతున్నా. మిద్దె మీది గదిలో ఫ్యాను ఆపేసి రికార్డు చేస్తున్నా, లేకపోతే నా మాట కంటే దాని మోతే మీకు ఎక్కువ వినిపిస్తుంది. పోయిన ఆదివారంతో మా సీజన్ అయిపోయింది. ప్లే ఆఫ్స్ మొదటి రౌండులోనే వెనక్కి వచ్చేశాం. దాని గురించి పోయిన వీడియోలో చెప్పాల్సింది చెప్పేశాను. ఈ రోజు మాత్రం మా టీమ్ అవార్డులు.

కొత్తగా చూస్తున్నవాళ్ళకు రెండు మాటలు. మాది సిమ్ లీగ్. ఎవరూ స్కేట్లు కట్టరు, చేత్తో ఏ బటనూ నొక్కరు. ఒక్కొక్కరు ఒక్కో ఆటగాణ్ణి తయారు చేసుకుంటారు. వాడి స్కేటింగ్ ఎంత, షాట్ ఎంత, పాస్ ఎంత, డిఫెన్స్ ఎంత, అన్నీ అంకెలే. వారం వారం ట్రైనింగ్ పాయింట్లు వస్తాయి, వాటిని దేనికి పెట్టాలో ఆదివారం రాత్రి పది లోపల రాసి పంపాలి. నేను మేనేజర్ని. ఏ లైన్లో, అంటే ఐస్ మీదికి కలిసి దిగే ఏ గుంపులో ఎవరు ఉండాలి, పవర్ ప్లేకి, అంటే ఎదుటివాళ్ళకి పెనాల్టీ పడి వాళ్ళలో ఒకరు తగ్గినప్పుడు ఎవరు, మనకే పెనాల్టీ పడి గోల్ కాసేవాడు కాక నలుగురమే మిగిలితే ఎవరు, ఇదంతా నా పని. ఆ తర్వాత మ్యాచ్‌ని కంప్యూటర్ ఆడిస్తుంది. ఒక్కో షాటు, ఒక్కో సేవు వరసగా స్క్రీన్ మీద పడతా ఉంటుంది, మేమంతా ఫోన్లు పట్టుకుని చదువుకుంటా కూర్చుంటాం.

మన ఊళ్ళో హాకీ అంటే ఆర్డీటీ స్పోర్ట్స్ విలేజ్‌లో ఆడే పిల్లలు గుర్తొస్తారు. ఐస్ అంటే గోనెపట్టాలో చుట్టి పొట్టులో పెట్టిన గడ్డ. ఈ రెండూ కలిసిన ఆట మీకెందుకప్పా అని చాలామంది అడిగారు. మన దేశంలోనే లదాఖ్‌లో చలికాలమంతా ఆడతారు. మన ఆడపిల్లల జట్టు 2025లో ఆసియా కప్‌లో కాంస్యం తెచ్చింది. ఆ పిల్లలది ఐస్ మీద ఆట, మాది అంకెల మీద ఆట. అయినా ఒక ఆట మీద ఇష్టం పుట్టడానికి ఆ ఊరి వాతావరణంతో పని లేదు. నాకు ఈ ఆటంటే ప్రాణం.

సరే, మొదటి షీల్డు. అందరికంటే ఎక్కువ పాయింట్లు. దీనికి ఓటు లేదు, తగువు లేదు, లెక్కే చెప్తుంది. గుంతకల్లు అన్నకి. రైల్వేలో డ్యూటీ ఏ వేళకు పడినా సరే, ట్రైనింగ్ ఒక్క వారం కూడా ఆలస్యం చేయలేదు. ఈ ఆటలో గోలుకి ఒక పాయింటు, ఆ గోలుకి ముందు పాస్ ఇచ్చిన ఇద్దరి దాకా చెరో పాయింటు. అంటే ఇచ్చినవాడికీ కొట్టినవాడికీ విలువ ఒకటే. అది నాకు చాలా నచ్చే పద్ధతి. వేన్ గ్రెట్‌స్కీ అనే కెనడా ఆటగాడి గురించి ఒక్కటి చెప్తా. ఎన్‌హెచ్‌ఎల్‌లో, అంటే అమెరికా, కెనడా టీములు ఆడే పెద్ద ఐస్ హాకీ లీగ్‌లో, ఆయన 894 గోల్స్ కొట్టాడు, 1963 అసిస్టులు, అంటే గోలుకి ముందు పాసులు ఇచ్చాడు. ఆయన గోల్స్ మొత్తం పక్కన పడేసినా, ఆ అసిస్టులు ఒక్కటే పాయింట్లలో ఆయన తర్వాత ఉన్న యారోమిర్ యాగర్ మొత్తం 1921 కంటే ఎక్కువ. మా గుంతకల్లు అన్న పాయింట్లలో కూడా సగానికి పైగా పాసులే. అన్నా, షీల్డు నీదే.

రెండోది నేను ఇష్టంగా చెప్పే అవార్డు. డిఫెన్స్ బాగా ఆడిన ఫార్వర్డ్. ఎన్‌హెచ్‌ఎల్‌లో దీన్ని సెల్కీ ట్రోఫీ అంటారు. 1978లో మొదలైంది, మొదటి నాలుగేళ్ళూ వరసగా బాబ్ గెయినీ ఒక్కడే తీసుకున్నాడు. మా టీమ్‌లో ఇది కదిరి అన్నది.

ఆయన ఆటగాడి చార్టు ఒకసారి తెరిచి చూడండి, స్క్రీన్ మీద పెడుతున్నా. సీజన్ పొడుగునా వచ్చిన ట్రైనింగ్ పాయింట్లలో షాట్ అనే గడిలోకి ఒక్కటి కూడా పోలేదు. అన్నీ డిఫెన్స్, స్కేటింగ్, ఫేస్ ఆఫ్. ఫేస్ ఆఫ్ అంటే రిఫరీ ఆట బిళ్ళను ఇద్దరి మధ్య వేస్తే ఎవరు అందుకుంటారనే పోటీ. సిమ్ లీగ్‌లో ఉన్నవాళ్ళకు ఇదెంత పెద్ద సంగతో తెలుసు. ఎవరైనా తన ఆటగాడి పేరు గోల్ షీటులో చూసుకోవాలనే కోరుకుంటారు. రాత్రి మ్యాచ్ అయ్యాక ఆ పేరు కోసమే కిందికి జరుపుతా పోతాం. తన పేరు అక్కడ రాదని తెలిసీ ఆ గడులే నింపుకుంటా పోయినాడు ఆయన.

పైగా నేను ఆయన్ని ప్రతి మ్యాచ్‌లోనూ ఎదుటివాళ్ళ మొదటి లైన్ మీదికే దింపాను. దాంతో ఆయన ప్లస్ మైనస్ సీజన్ అంతా మైనస్సులోనే ఉండిపోయింది. ప్లస్ మైనస్ అంటే, నువ్వు ఐస్ మీద ఉన్నప్పుడు మనవాళ్ళు గోల్ కొడితే ఒకటి కలుపుతారు, ఎదుటివాళ్ళు కొడితే ఒకటి తీస్తారు. పవర్ ప్లేలో పడిన గోల్ లెక్కలోకి రాదు. ఊరు ఊరంతా భయపడే లైనుకు ఎదురుగా రోజూ ఒక్కణ్ణే నిలబెట్టి, ఆ తర్వాత నీ లెక్క మైనస్సు అనడం న్యాయం కాదు కదా. ఆయన మీద ఆడిన ఫార్వర్డ్‌ల స్కోర్లు చూశాను. వేరే టీముల మీద కొట్టినంత మా మీద కొట్టలేకపోయారు. ఓటింగ్‌లో ఎనిమిది మందికి ఎనిమిది మందీ ఆయన పేరే రాశారు.

మూడో షీల్డు ధర్మవరం అక్కకి. ఇది పట్టుదల అవార్డు.

దీని వెనక ఉన్న కథ బాధాకరమైనది, చెప్పాలి. బిల్ మాస్టర్‌టన్ అని మినెసోటా నార్త్ స్టార్స్ ఆటగాడు. 1968 జనవరి 13న మ్యాచ్‌లో దెబ్బ తగిలి పడిపోయాడు, తల ఐస్‌కి తగిలింది, 15న చనిపోయాడు. ఆయన పేరుతో అదే ఏడాది ట్రోఫీ పెట్టారు. ఆట మీద అంకితభావం, పట్టుదల ఉన్నవాళ్ళకి ఇస్తారు. ప్రతి టీమ్ నుంచి ఒకరి పేరు పంపుతారు, హాకీ విలేకరులు ఓటు వేస్తారు. టీముకి ఒకరు అనే ఆ పద్ధతి చూసే మేం కూడా మా టీమ్‌లో ఈ అవార్డు మొదలుపెట్టాం.

ధర్మవరం అక్క ఇంట్లో పట్టు మగ్గం ఉంది. సీజన్ మధ్యలో చేరింది. చేరినప్పుడు ఆటగాడి అంకెలన్నీ అడుగున ఉంటాయి కాబట్టి నేను చాలా మ్యాచ్‌లకు ఆమెను జాబితాలోకే తీసుకోలేదు. అంటే బెంచీ మీద కూడా కాదు, పైన గ్యాలరీలో కూర్చోవడమే. ఆడని ఆటగాడికి ట్రైనింగ్ రాసి పంపడం ఎంత కష్టమో ఒక్కసారి ఆలోచించండి. ఆదివారం రాత్రి పదికి గడువు. ఆమె సందేశం తొమ్మిదింటికి వచ్చేసేది. ఒకసారి కరెంటు పోయినప్పుడు కాగితం మీద పెన్సిలుతో గళ్ళు గీసి, దాంట్లో అంకెలు వేసి, టార్చి వెలుగులో ఫోటో తీసి పంపింది. చీర అంచు డిజైను గీసుకునే గళ్ళ కాగితం అది. అడుగున ఒక్క లైను రాసింది: "ఈ వారమైనా దింపుతావా అన్నా?" ఆ వారమూ దింపలేదు. చివరి పది మ్యాచ్‌లకు దింపాను. నాలుగో లైన్ సెంటర్‌గా మొదటి ఫేస్ ఆఫే గెలిచింది. అక్కా, ఇంకా ముందే దింపాల్సింది, ఆ మాట ఇక్కడ అందరి ముందూ చెప్తున్నా.

ఇప్పుడు తగువు దగ్గరికి వద్దాం. గోలీ అవార్డు, అంటే గోల్ కాసేవాడికి ఇచ్చేది.

మా టీమ్‌లో ఇద్దరు గోలీలు. మొదటివాడు తాడిపత్రి తమ్ముడు, రెండోవాడు మా పిన్ని కొడుకు. ఇన్నాళ్ళూ మా రూలు ఏంటంటే, మ్యాచ్‌కి సగటున తక్కువ గోల్స్ ఇచ్చినవాడికే షీల్డు. ఆ లెక్కన ఈ ఏడాది మా పిన్ని కొడుకుది. కానీ వాణ్ణి సులువైన మ్యాచ్‌లకు దింపింది నేను. గట్టి టీములు వచ్చినప్పుడల్లా తాడిపత్రి పిల్లోణ్ణే నిలబెట్టాను. మా డిఫెన్స్ సంగతి మీకు తెలుసు, ఇంచుమించు ప్రతి మ్యాచ్‌లోనూ ఎదుటివాళ్ళే ఎక్కువ షాట్లు కొట్టారు.

ఒక ఉదాహరణ వేసుకుందాం. ఒక గోలీ మీదికి 20 షాట్లు వచ్చాయి, 2 పోయాయి. ఇంకో గోలీ మీదికి 40 వచ్చాయి, 3 పోయాయి. మ్యాచ్ లెక్కలో మొదటివాడే మేలు, 2 కదా. కానీ వందకి ఎన్ని ఆపాడని చూస్తే మొదటివాడు 90, రెండోవాడు 92.5. రెండోవాడు పనీ రెట్టింపు చేశాడు, బాగానూ చేశాడు. మన పాత రూలు మాత్రం వాడికి ఏమీ ఇవ్వదు.

ఇదే పొరపాటు ఎన్‌హెచ్‌ఎల్‌లో కూడా ఎన్నో ఏళ్ళు నడిచింది. జార్జ్ వెజినా అని మాంట్రియల్ కెనడియన్స్ గోలీ, 1910 నుంచి 15 ఏళ్ళు ఒక్క మ్యాచ్ కూడా వదలకుండా ఆడాడు. 1925 నవంబరులో ఒళ్ళు కాలిపోయే జ్వరంతోనే గోల్ ముందు నిలబడ్డాడు, మొదటి పీరియడ్ తర్వాత ఇక నిలవలేకపోయాడు. క్షయ అని తేలింది, 1926 మార్చిలో పోయాడు. ఆయన పేరు మీద పెట్టిన ట్రోఫీని 1981 దాకా తక్కువ గోల్స్ ఇచ్చిన టీమ్ గోలీకే ఇచ్చారు. అంటే డిఫెన్స్ గట్టిగా ఉన్న టీమ్‌లో ఉంటే చాలు. ఆ తర్వాత మార్చారు. ఇప్పుడు వెజినా ట్రోఫీకి జనరల్ మేనేజర్లు ఓటు వేస్తారు, తక్కువ గోల్స్ లెక్కకి జెన్నింగ్స్ ట్రోఫీ అని వేరేగా ఉంది. అంత పెద్ద లీగే మార్చుకుంది, మనం మార్చుకోలేమా అని నేను అడిగాను.

గుంతకల్లు అన్న ఒప్పుకోలేదు. "రూలు మార్చేదైతే సీజన్ మొదట్లో మార్చాల, షీల్డు ఇచ్చే నాడు కాదు" అన్నాడు. ఆ మాట నిజం. నా దగ్గర జవాబు లేదు. రెండు రోజులు అందరం కొట్లాడుకున్నాం. మూడో రోజు మా పిన్ని కొడుకే రాశాడు: "అన్నా, నాకు రూలు ప్రకారం వచ్చేది నేను వద్దంటాండా. ఓటు పెట్టండి." ఓటు పెట్టాం. మొదటి ఓటు వాడిదే, తాడిపత్రికి. రెండోది గుంతకల్లు అన్నది, అది కూడా తాడిపత్రికే.

ఆ ఓట్లు ఎందుకు పడ్డాయో చెప్పాలంటే ఒక్క మ్యాచ్ చాలు. లీగ్‌లో మా ఆఖరి మ్యాచ్. ఒక గోల్ ముందున్నాం, మూడో పీరియడ్‌లో రెండు నిమిషాలు మిగిలాయి. మాకు పెనాల్టీ పడింది. ఇక మిగిలినంతసేపూ మేం నలుగురం, వాళ్ళు ఐదుగురు. వాళ్ళు గోలీని కూడా తీసేసి ఆరో ఆటగాణ్ణి దింపారు. పక్ అంటే 170 గ్రాముల గట్టి రబ్బరు బిళ్ళ. ఎగరకుండా ఉండాలని ఆటకు ముందు ఫ్రీజర్‌లో పెట్టి గడ్డకట్టిస్తారు. గోల్ 6 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు. స్క్రీన్ మీద అక్షరాలే వస్తున్నా నా కళ్ళకు అవన్నీ కనిపిస్తున్నాయి. షాట్, సేవ్. రీబౌండ్. షాట్, సేవ్. ఫేస్ ఆఫ్ పోయింది. షాట్, కదిరి అన్న అడ్డం పడ్డాడు. షాట్, సేవ్. గంట మోగింది.

ఆ వేళకి తాడిపత్రి తమ్ముడు బండల పాలిష్ మిషను కాడ రాత్రి షిఫ్టులో ఉన్నాడు. మిషను నీళ్ళతో నడుస్తుంది, తెల్లటి బురద చిందుతుంది, అందుకని ఫోను ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుంటాడు. చేతులు తడి, కవరు మీద వేలు జరగదు. పక్కన ఉన్న పెద్దాయన తువ్వాలుతో కవరు తుడిచి చదివి వినిపించాడంట. ఆయనకు హాకీ తెలియదు. "సేవ్ అంటాండాది రా, మళ్ళీ సేవ్ అంటాండాది" అని చదువుకుంటా పోయినాడంట.

షీల్డులు టవర్ క్లాక్ దగ్గర అంగడిలో చేయించాను. వాటి మీద ఆటగాడి పేరు కాదు, మనిషి పేరు వేయించాను. గుంతకల్లు, కదిరి, ధర్మవరం షీల్డులు రేపు బస్సుకు ఇచ్చి పంపుతా. తాడిపత్రిది మాత్రం నేనే తీసుకుపోతున్నా. ఫోన్ చేసి చెప్తే చానాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత అడిగాడు, "అన్నా, ఆరింటికి షిఫ్టు ఎక్కుతా. ఐదున్నరకి గేటు కాడికి రాగలవా? ఆ పెద్దాయన కూడా అప్పుడు ఉంటాడు."

సోమవారం ఐదున్నర. కెమెరా తీసుకుపోతా. ఆ వీడియో ఈ ఛానెల్‌లోనే పెడతాను.