తిప్పింది నేను, తగిలింది అక్కకి

అందరికీ నమస్కారం. శాలువా వద్దన్నా కప్పారు, సరే, చలికాలమే కదా. హెల్మెట్టు గురించి, తాగి నడపడం గురించి ఇందాక ఎస్సైగారు చెప్పేశారు కాబట్టి నేను పక్కనుంచి తగిలే దెబ్బ ఒక్కటే చెబుతాను.

ఎదురెదురుగా గుద్దుకుంటే బానెట్టు నలిగి దెబ్బని కొంత మింగుతుంది. పక్కన ఏముంది? ఓ డోరు, ఓ అద్దం, జానెడు జాగా. డోరు లోపలికొస్తే నేరుగా పక్కటెముకలకీ తుంటికీ తగులుతుంది. తల అద్దానికి కొట్టుకుంటుంది.

ఇప్పుడు చెప్పండి, విజయవాడ హైవే మీద పోతూ డివైడర్ గ్యాపులో కుడికి తిప్పితే అవతలి బండ్లు ఎటునుంచి వస్తాయి? ఎడమనుంచి. డ్రైవరు ఉండేది కుడివైపు. తొందర వాడిది, దెబ్బ పక్కవాళ్లది.

నేనూ అలాగే తిప్పాను. పెళ్లికి పోతున్నాం, అక్క ముందు సీట్లో బెల్టు పెట్టుకునే ఉంది, ఒళ్లో పులిహోర డబ్బా. గ్యాపు పక్కన గన్నేరు పొదలు కారెత్తు పెరిగి ఉన్నాయి, డీసీఎం వ్యాను కనపడేసరికే సగం బండి అవతలి రోడ్డు మీదుంది. స్టీలు డబ్బా రేకులా నలిగింది. అక్కేమో "నాకేం కాలేదురా, నువ్వు బాగున్నావా" అంటోంది, చుక్క రక్తం లేదు, ఇంటికి పోదామనే అనుకున్నాం. ఓ ఆటో అతను చూసి "సార్, అమ్మ మొహం తెల్లబడుతోంది, ముందు హాస్పిటల్‌కి పదండి" అన్నాడు. స్కాన్ తీస్తే ప్లీహం, అదే స్ప్లీన్ అంటారే, అది చిట్లింది, కడుపులో అంతా రక్తం. ప్లీహం ఉండేది ఎడమవైపే, కుడినుంచి తగిలితే కాలేయానికి ప్రమాదం. ప్లీహం తీసేసి బతికించారు. అందుకే చెబుతున్నా, పక్కనుంచి గుద్దాక 'ఏం కాలేదు' అంటే నమ్మకండి.

అలాగని బెల్టు దండగ అనకండి, అది లేకపోతే అవతలి సీటు మనిషి కూడా వచ్చి మీద పడతాడు.

షోరూమ్‌లో సన్‌రూఫ్ ఉందా అని అడుగుతాం, పక్క అద్దాల మీదుగా తెరలా దిగి తలని కాపాడే కర్టెన్ ఎయిర్‌బ్యాగులు ఉన్నాయా అని ఎంతమంది అడిగారు? చేతులెత్తండి. చూశారా! ఈ కర్టెన్లతో కలిపి ఆరు ఎయిర్‌బ్యాగులు తప్పనిసరి చేస్తామన్న ప్రభుత్వమే 2023లో వెనక్కి తగ్గింది. రూల్ ప్రకారం చేసే పక్క దెబ్బ పరీక్షలో కారుని 950 కిలోల ట్రాలీతో గంటకు 50 కిలోమీటర్ల వేగంతో గుద్ది చూస్తారు. నన్ను గుద్దింది లోడు డీసీఎం.

ఆ పొదలు ఇంకా అలాగే ఉన్నాయి, రెండుసార్లు అర్జీ పెట్టాను, చూస్తామన్నారు. మూడోది టేబుల్ మీద ఉంది, టీ తర్వాత, ముందు సంతకాలు పెట్టండి.