‘టేక్ ఆన్ మీ’ని గెలిపించింది బొమ్మలేనా?

సభకు నమస్కారం.

1985 అక్టోబరులో అమెరికా బిల్‌బోర్డ్ హాట్ 100 పాటల జాబితాలో ‘టేక్ ఆన్ మీ’ మొదటి స్థానానికి చేరింది. నార్వే బృందం ఒకటి అక్కడ అగ్రస్థానం అందుకోవడం అదే మొదలు. ఆ-హా అనే ఆ బృందం పాడిన ఈ సింథ్‌పాప్ పాట, అంటే సింథసైజర్ అనే ఎలక్ట్రానిక్ వాద్యం మీద నడిచే పాప్ పాట, పెన్సిలు బొమ్మల వీడియో పుణ్యమా అని గెలిచిందంటారు. ఆ మాట నాకు సగమే సమ్మతం.

వీడియో గొప్పదే, సందేహం లేదు. 1984లో రికార్డు నిర్మాత టోనీ మ్యాన్స్‌ఫీల్డ్ చేతిలో రూపుదిద్దుకున్న పాటను బ్రిటన్‌లో ఎవరూ పట్టించుకోలేదు. మరో నిర్మాత ఆలన్ టార్నీతో మళ్లీ రికార్డు చేస్తే అదీ మొదట నిలబడలేదు. అప్పుడు స్టీవ్ బారన్ దర్శకత్వంలో కొత్త వీడియో తీశారు. చిత్రకారులు మైఖేల్ ప్యాటర్సన్, క్యాండేస్ రెకింగర్ నెలల తరబడి కూర్చుని, చిత్రీకరించిన దృశ్యాలను ఫ్రేము ఫ్రేముగా చేత్తో గీశారు. సుమారు 3,000 ఫ్రేములు! సంగీత ఛానెల్ ఎంటీవీ దాన్ని ఇంటింటికీ చేర్చింది. మరుసటి ఏడాది ఆరు పురస్కారాలూ ఇచ్చింది. బ్రిటన్‌లో మాత్రం గాయని జెన్నిఫర్ రష్ పాట అడ్డుపడి ‘టేక్ ఆన్ మీ’ రెండో స్థానంతోనే ఆగింది.

ఇప్పుడు బొమ్మలు పక్కన పెట్టి పాట వినండి. ఆ సింథసైజర్ పలుకు బృందంలో కీబోర్డు వాయించే మాగ్నే ఫురుహోల్మెన్ కుర్రతనంలోనే కట్టుకున్నది. తాళం యంత్రానిది. ఆ యంత్రాల నడుమ బృందం గాయకుడు మోర్టెన్ హార్కెట్ పల్లవిని మంద్రంలో ఎత్తుకుంటాడు. పాదం పాదానికీ గొంతు పైకి పాకుతుంది. చివరి మాట దగ్గర అసలు గొంతు చాలక దొంగగొంతులోకి వెళ్లి తారస్థాయి అందుకుంటాడు. రెండున్నర స్థాయుల ప్రయాణం ఒక్క పల్లవిలో! రేపో మాపో వెళ్లిపోతానంటున్న ప్రేమికుడి ఆరాటమంతా ఆ ఎక్కడంలోనే ఉంది. ఇది ఏ చిత్రకారుడూ గీసి ఇచ్చింది కాదు.

2020లో ఈ వీడియో యూట్యూబులో నూరు కోట్ల వీక్షణలు దాటింది. అమెరికా ర్యాప్ గాయకుడు పిట్‌బుల్ ఆ సింథసైజర్ పలుకునే తన పాటలో వాడుకున్నాడు. అయినా నా దృష్టిలో అసలైన సాక్ష్యం 2017 నాటిది. నార్వేలోని గిస్కే దీవిలో జరిగిన అన్‌ప్లగ్డ్ (ఎలక్ట్రానిక్ హోరు లేని) కచేరీలో ఆ-హా ఇదే పాటను విలంబంగా పాడింది. పరుగులు పెట్టే తాళం లేదు, పెన్సిలు బొమ్మలు లేవు. వయసు మీదపడిన హార్కెట్ గొంతులో బతిమాలుకోవడం మరింత స్పష్టంగా వినిపిస్తుంది. 1985లో ఆ వేగం వెనుక దాగిన దిగులు అక్కడ నేరుగా మన ముందుకు వస్తుంది.

ఆ రికార్డింగును ఇప్పుడు మీకు వినిపిస్తాను. తెర మీద ఏమీ వేయడం లేదు.